డాషింగ్ కార్లకు పసుపు పూసిన రోజు

మా పార్కులో ఎక్కువ గోల వినిపించేది డాషింగ్ కార్ల దగ్గరే. జెయింట్ వీల్ ఎక్కినవాళ్లు పైకి వెళ్లాక భయంతో నోరు మూసుకుంటారు. ఊగే పడవలో కొందరు కళ్లు కూడా మూసుకుంటారు. డాషింగ్ కార్లలో కూర్చున్నవాళ్లు మాత్రం మొదటి గుద్దు నుంచి చివరి గంట దాకా అరుస్తూనే ఉంటారు. ఇంట్లో గొంతు పెంచని ఆడవాళ్లు కూడా అక్కడ మొగుణ్ని వెనక నుంచి గుద్ది పగలబడి నవ్వడం చూశాను.

ఆ కార్ల దగ్గర నేను ఆరేళ్లు పనిచేశాను. నేల తుడవడం నా పని. ఆ నేల ఇనుప రేకులది. రేకులను పక్కపక్కనే పరిచి, అతుకు తెలియకుండా బిగించారు. చలికాలంలో చెప్పులు లేకుండా నడిస్తే పాదాలు జివ్వుమనేవి. చేరిన మొదటి రోజు నేను అలవాటు కొద్దీ బకెట్ నిండా నీళ్లు తెచ్చాను. అంచు దగ్గరే ఒక ముసలాయన చేయి అడ్డం పెట్టాడు.

"నీళ్లు వద్దు బేటీ. ఈ జమీన్‌కు నీళ్లు పడయి."

"మరి దుమ్ము ఎట్ల పోతది?"

"పొడి చీపురుతోని ఊడ్వు, పొడి బట్టతోని తుడువు. సేటు అడిగితె చాచా చెప్పిండను."

ఆయనే మా మిస్త్రీ. పార్కులో అందరికీ చాచా. డెబ్బైకి దగ్గర పడ్డాడు. రోజూ ఫలక్‌నుమా వైపు నుంచి పాత స్కూటర్ మీద వచ్చేవాడు. కార్లు, పైన జాలీ, గంట కొట్టే స్విచ్ పెట్టె, అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. పన్నెండు కార్ల మీద నంబర్లు రాసి ఉండేవి కానీ అప్పటికి నాకు అక్షరాలూ అంకెలూ రావు. రంగును బట్టి, గుణాన్ని బట్టి గుర్తుపట్టేదాన్ని. ఎర్రది ఎప్పుడూ ఎడమకు గుంజేది. పసుపుపచ్చ దాని సీటు చిరిగి కూర్చున్నవాళ్ల తొడలకు గుచ్చుకునేది. ఆకుపచ్చది కదిలే ముందు ఒకసారి వణికేది.

కొన్నాళ్లకు నాకొక అనుమానం వచ్చింది. రోజంతా తిరిగే బండికి తిండి ఎవరు పెడుతున్నారు?

"చాచా, వీటికి పెట్రోలు ఎప్పుడు పోస్తరు? నేనైతె ఒక్కనాడు చూడలే."

ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "పెట్రోలు ఎక్కడిది? పైన చూడు."

పైన కప్పు కింద అంతటా ఇనుప జాలీ కట్టి ఉంది. ప్రతి కారు వెనక ఒక పొడుగు రాడ్ నిలబడి, దాని కొస జాలీని తాకుతూ ఉంటుంది. కొసకు చిన్న రాగి ముక్క, కింద స్ప్రింగు. ఆ ముక్కను చాచా బ్రష్షు అనేవాడు. కారు ఎటు పోయినా ఆ ముక్క జాలీని వదలకుండా స్ప్రింగు పైకి తోస్తూనే ఉంటుంది. కరెంటు జాలీ నుంచి రాడ్‌లోకి దిగుతుంది. రాడ్ నుంచి మోటారుకు, మోటారు నుంచి చక్రాల మీదుగా నేల మీది రేకుకు, రేకు నుంచి మళ్లీ పెట్టెకు పోతుంది. కాలి కింద పెడల్ నొక్కితేనే దారి కలుస్తుంది. కాలు తీస్తే తెగిపోతుంది. చాచా ఇదంతా రెండు చేతులు పైకీ కిందికీ చాచి చూపించాడు.

"పైన జాలీ ఒక చెయ్యి. కింద రేకు ఒక చెయ్యి. రెండు చేతులు కలిస్తెనె పాణం వస్తది. నడుమ దుమ్మొచ్చినా, చాక్లెట్ కాయిదం వచ్చినా పాణం పోతది. అందుకే నీ పని చిన్నదనుకోకు."

ఎవరూ నా పని గురించి అంతకుముందు అలా చెప్పలేదు. ఆ రోజు నుంచి నేను ఆ నేలను ఇంకా శ్రద్ధగా తుడిచాను. పిల్లల జేబుల్లోంచి పడ్డ చిల్లర, తలపిన్నులు, పల్లీల పొట్టు, ఒకసారి ఒక పాలపన్ను కూడా ఏరాను. కార్ల చుట్టూ ఉన్న రబ్బరు ట్యూబును కూడా నొక్కి చూసేదాన్ని. ఆ ట్యూబు ఉంది కాబట్టే గుద్దుకున్నా ఒళ్లు ఊగుతుందే తప్ప దెబ్బ తగలదు. వెనక్కి పోవడానికి వీటికి గేరు ఉండదని కూడా అప్పుడే తెలిసింది. స్టీరింగ్ ఒకే వైపు తిప్పుతూ పోతే ముందు చక్రం వెనక్కి తిరుగుతుంది, దాంతో కారు కూడా వెనక్కి నడుస్తుంది. ఇది తెలియని పెద్దమనుషులు మూలలో ఇరుక్కుని చేతులు ఊపుతుంటే, తెలిసిన చిన్న పిల్లలు వచ్చి వచ్చి గుద్దేవాళ్లు.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత వచ్చిన ఒక దసరా గురించి.

ఆ ఏడు వానాకాలంలో కప్పు కారి కార్లు రెండుసార్లు ఆగాయి. రెండోసారి బోనాల పండుగ రోజు. వచ్చిన జనమంతా లొల్లి చేసి వెళ్లిపోయారు. మా సేటు నలభై ఏళ్లవాడు. చెడ్డవాడు కాదు కానీ వాళ్ల నాన్న దగ్గరి నుంచి పార్కు చేతికొచ్చాక నిద్ర తగ్గిపోయినట్టు కనిపించేవాడు. ఎక్కడో కొత్త రకం కార్లు చూసి వచ్చాడు. వాటికి పైన జాలీ అక్కర్లేదు, కింద రేకు అక్కర్లేదు. సెల్‌ఫోను లెక్క చార్జింగ్ పెట్టి, పొద్దున తీసి నడిపించుకోవడమే. మిస్త్రీతో పనే లేదు.

నా ముందే చాచాతో అన్నాడు. "ఇంకొక్కపారి పండుగపూట ఆగినయంటె, ఈ జాలీ మొత్తం ఊడబీకి తుక్కుల ఏస్త చాచా. నువ్వు గూడ ఇంట్ల ఆరాంగ కూసోవచ్చు."

చాచా "అట్లనే సేటు" అన్నాడు. సేటు వెళ్లాక మాత్రం రేకు అంచున కూర్చుని, చాలాసేపు బూటు లేసు కట్టుకుంటూ ఉన్నాడు.

ఆయన ఇల్లంటే ఒకే పెద్ద గది. పగలు అందులో కొడుకుల కుట్టుమిషన్లు నాలుగు నడుస్తాయి. బట్టల కట్టలు గోడ దాకా పేర్చి ఉంటాయి. ఎనిమిదిన్నరకు మిషన్లు మొదలుకాకముందే ఆయన బయటపడాలి. కోడళ్లు మంచివాళ్లేనని, పొద్దుగూకేదాకా కాలు చాపుకునే జాగా మాత్రం లేదని నాతో ఒకసారి చెప్పాడు. పని పోతే ఆయన పగలు ఎక్కడ గడుపుతాడన్నది నాకు అప్పటి నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది.

దసరా శుక్రవారం నాడు వచ్చింది. వారం ముందు నుంచే చాచా ప్రతి కారు విప్పి సాఫ్ చేశాడు. రాగి ముక్కలు కొత్తవి బిగించాడు. ఆ పొద్దున జాలీ కింద నిలబడి, "ఇయ్యాల ఆగయి" అన్నాడు. తనకు తానే చెప్పుకున్నట్టుంది ఆ మాట. తర్వాత మెయిన్ స్విచ్ దించేసి, జుమ్మా నమాజుకు బయలుదేరాడు.

"నేను వచ్చేదాక మెయిన్ ముట్టకు బేటీ. మూడింటికల్ల వస్త."

ఆయన వెళ్లాక సేటు పూజ సామాను పట్టుకుని వచ్చాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు, బంతిపూల దండలు. ప్రతి దసరాకు మిషన్లకు పూజ చేయడం వాళ్ల నాన్న కాలం నుంచీ ఉన్నదే.

"అమ్మా, జెయింట్ వీల్ కాడ నేను చూస్కుంట. డాషింగ్ కార్లు నువ్వు చూడు. ఒక్కటి గూడ ఇడువకు. ఈ యేడు మంచిగ చెయ్యాలె, మస్తు నష్టపోయినం."

నేను స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకునే వచ్చాను. ఒక్కో కారు ముక్కు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దండ కట్టాను. పన్నెండూ అయ్యాక దూరంగా నిలబడి చూశాను. బాగున్నాయి. కానీ నాకు తృప్తి కలగలేదు. ముక్కు మీద బొట్టు ఎవరైనా పెడతారు. ఈ బండ్లకు ప్రాణం ముక్కులో లేదని నాకు తెలుసు. పైన, రాడ్ కొసలో, జాలీని తాకే ఆ రాగి ముక్కలో ఉంది. ఇంటికి గడప ఎలాగో దీనికి అది అలాంటిది. గడపకు పసుపు పూయకుండా పండుగ చేసుకుంటామా? పైగా ఈ రోజు కార్లు ఆగితే చాచా పని పోతుంది. దేవుడు కనిపెట్టుకుని ఉండాల్సిన చోటు ఏదైనా ఉంటే అదే.

ఉత్త నీళ్లతో కలిపితే ఎండి రాలిపోతుందని పసుపులో రెండు చెంచాల నూనె వేసి చిక్కగా కలిపాను. కారు వెనక ఎక్కి నిలబడితే చేయి అందేది. ఒక చేత్తో రాడ్ కొంచెం కిందికి నొక్కి, ఇంకో చేత్తో రాగి ముక్క చుట్టూ నిండుగా పూశాను. పన్నెండు కార్లకూ పూశాను. చివరిది దిగేసరికి నడుము పట్టేసింది. మనసు మాత్రం చాలా తేలిగ్గా ఉంది.

మూడు గంటలకు చాచా వచ్చాడు. కార్ల ముక్కుల మీద బొట్లు చూసి "మాషా అల్లా, పెళ్లికొడుకులే" అన్నాడు. గేటు దగ్గర అప్పటికే జనం. కొత్త బట్టల పిల్లలు, వాళ్లను లాగుతున్న తల్లులు, జుమ్మా అయ్యాక పిల్లలతో వచ్చిన బురఖాల ఆడవాళ్లు. పన్నెండు కార్లూ క్షణంలో నిండాయి. చాచా మెయిన్ ఎత్తి గంట కొట్టాడు.

ఎర్రది ఒక్క గజం ముందుకు దూకి ఆగింది. రెండు కార్లు కుంటుకుంటూ కదిలి, పైన చిటపట నిప్పురవ్వలు రాల్చి ఆగాయి. మిగతావి కదలనే లేదు. పిల్లలు పెడళ్లు తొక్కుతూ స్టీరింగులు తిప్పుతున్నారు.

"ఏంది ఇది, ఫొటో దిగనీకి కూసోబెట్టిన్రా?" అని ఒకాయన కూర్చున్నచోటు నుంచే అడిగాడు.

"తోయాల్నా అన్నా?" అని ఇంకెవరో అన్నారు. జనం నవ్వారు.

చాచా మళ్లీ గంట కొట్టాడు. ఏమీ కాలేదు. మెయిన్ దించి, దగ్గరున్న కారు వెనక ఎక్కి రాడ్ వంచి చూశాడు. బొటనవేలితో రాగి ముక్కను తుడిచాడు. వేలు పసుపుపచ్చగా అయింది. దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల ఎత్తి జాలీని చూశాడు. కదిలిన ఆ కాస్త దూరంలోనే పసుపు, నూనె జాలీకి కూడా అంటుకున్నాయి. తర్వాత ఆయన నా వైపు చూశాడు. నా చేతులు మణికట్ల దాకా పచ్చగా ఉన్నాయి.

అప్పుడు నాకు అర్థమైంది. నడుమ దుమ్ము వస్తేనే ప్రాణం పోతుందని ఆయన చెప్పాడు. పసుపును నేను దుమ్ములో లెక్కేయలేదు.

చాచా నా పక్క నుంచి నడుస్తూ, నా వైపు చూడకుండానే మెల్లగా అన్నాడు. "పోయి చేతులు కడుక్కో. సబ్బుతోని."

నేను నల్లా దగ్గరకు వెళ్లి గోళ్ల సందులతో సహా రుద్దుకున్నాను. తిరిగి వచ్చేసరికి సేటు అక్కడున్నాడు. జనం ఇద్దరి చుట్టూ మూగారు.

"ఏమైంది చాచా?"

"బ్రష్షులు సాఫ్ చెయ్యలే సేటు. మర్చిపోయిన."

"వారం కెళ్లి ఇదే పని మీదున్నవ్ గద?"

"ఉన్న. గని అసలుది మర్చిపోయిన. ఉమర్ అయింది."

సేటు మొహం ఎర్రబడింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదేమో. "ఈ సెలవులు అయ్యేదాక నడిపియ్యి. ఆ తర్వాత రాకు చాచా. నేను ముందుగాలనే చెప్పిన" అన్నాడు.

అందరి ముందూ అన్నాడు. చాచా తల ఊపాడు. నేను నాలుగు అడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరవలేదు. నా పని కూడా పోతుందన్న భయం ఒకటి. ఇంతమందిలో, పండుగ పూట, పూజ చేసి నేనే చెడగొట్టానని ఒప్పుకోవడం ఇంకా కష్టంగా ఉంది. రెండో భయమే పెద్దదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

సేటు జనాన్ని ఊగే పడవ వైపు పంపించాడు. నేనూ చాచా మిగిలాం. ఆయన సాండ్ పేపర్ ముక్కలు చేసి ఇచ్చాడు. ముందు పాతబట్టకు కొంచెం కిరసనాయిలు తడిపి జిడ్డు తుడవాలి, ఆరనివ్వాలి, తర్వాత రాగి మెరిసేదాకా రుద్దాలి. పొడుగు కర్రకు బట్ట చుట్టి జాలీ కూడా తుడిచాం. గంటన్నర పట్టింది. అంతసేపూ ఆయన పని మాటలు తప్ప ఏమీ మాట్లాడలేదు. "ఇటు పట్టు." "ఇంకొంచెం." "చాలు."

చివరికి మెయిన్ ఎత్తి, నాతో అన్నాడు. "ఎర్ర దాంట్ల కూసో. ఉత్త బండి నడుస్తె కాదు. మనిషి బరువు పడితెనె తెలుస్తది."

"నేనా?"

"నేను స్విచ్ కాడ ఉండాలె గద. కూసో."

ఆ నేల తుడుస్తూ ఇన్నాళ్లు గడిపాను కానీ ఒక్కసారి కూడా కారులో కూర్చోలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని కూర్చున్నాను. పెడల్ నొక్కాను. కారు నన్ను వెనక్కి తోసి ముందుకు ఉరికింది. నేను రోజూ వంగి తుడిచే రేకులు నా కింద జారిపోతున్నాయి. స్టీరింగ్ తిప్పాను, అది ఎడమకు గుంజింది, గుంజనిచ్చాను. ఖాళీగా నిలబడ్డ నీలం కారుకు వెళ్లి గుద్దుకున్నాను. ఒళ్లంతా ఊగింది, పళ్లు టకటకలాడాయి. నాకు తెలియకుండానే నవ్వాను. పెద్దగా నవ్వాను.

నవ్వుతూ చాచా వైపు చూశాను. ఆయన నన్ను చూడడం లేదు. చెవి జాలీ వైపు పెట్టి, చప్పుడు వింటున్నాడు. పని పోయిందని చెప్పించుకున్న మనిషి, ఎర్ర కారు సరిగ్గా పోతోందా లేదా అని వింటున్నాడు. నా కాలు పెడల్ మీది నుంచి దానంతట అదే లేచింది.

కారు దిగి నేరుగా టికెట్ గది దగ్గరకు నడిచాను. సేటు పగలగొట్టిన కొబ్బరి చిప్పలు సంచిలో వేస్తున్నాడు.

"సేటు, చాచా తప్పు లేదు."

"ఏంది?"

"బ్రష్షులకు పసుపు పూసింది నేను. పైన జాలీని ముట్టుకునేకాడ. అందుకే ఆగినయి."

ఆయన చేతిలోని చిప్ప సంచిలో పడలేదు. "అక్కడెందుకు పూసినవమ్మా?"

"పాణం అక్కడుందని చాచా చెప్పిండు. అందుకు. నూనె గూడ కలిపిన."

"నూనె ఎందుకు?"

"రాలిపోవద్దని."

సేటు అరచేత్తో మొహం కప్పుకున్నాడు. కోపమో నవ్వో తెలియలేదు. "బొట్టు పెట్టమన్న గని తలంటు పొయ్యమన్ననా తల్లీ" అన్నాడు చివరికి. తర్వాత చాచాను పిలిచాడు.

చాచా చేతులు తుడుచుకుంటూ వచ్చి నన్ను చూడగానే విషయం తెలుసుకున్నాడు. "ఎందుకు చెప్పినవ్ బేటీ" అన్నాడు.

"ఆమెను గాదు, నేను నిన్ను అడుగుతున్న" అన్నాడు సేటు. "మర్చిపోయిన అని అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

చాచా చేతిలోని బట్ట మడిచి పట్టుకున్నాడు. "మరి ఏం చెప్పాలె సేటు? పూజ చేసినందుకు బండి ఆగింది అని చెప్పాల్నా? అంతమంది ఉన్నరు. ఈమె చెప్తె ఒక తీరు, నేను చెప్తె ఇంకో తీరు వినపడ్తది. పండుగపూట ఆ మాట నా నోట్లకెళ్లి వద్దనుకున్న. ముసలోడు మర్చిపోయిండంటె లొల్లి లేదు. అందరు నమ్ముతరు."

సేటు సంచి కింద పెట్టాడు. బయట ఊగే పడవలో పిల్లలు కేకలు పెడుతున్నారు.

"అంతమంది ముందట అన్న నిన్ను" అన్నాడు సేటు.

"అన్నవ్."

"ఇగ మనసుల పెట్టుకోకు. మర్చిపో."

"మర్చిపోయిననే గద పని తీసేసినవ్" అన్నాడు చాచా.

సేటు నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, "ఈ యేడు జాలీ తియ్యను. వచ్చే యేటి సంగతి నేను ఇప్పుడు చెప్పలేను చాచా" అన్నాడు.

"ఈ యేడు చాలు" అన్నాడు చాచా.

నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఆ సాయంత్రం కార్లు ఆగకుండా నడిచాయి.

మర్నాడు నేను వెళ్లేసరికి చాచా నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. రేకు అంచున కూర్చుని రాగి ముక్క ఒకటి విప్పి ముందు పెట్టుకున్నాడు. కోపం వచ్చిందా అని అడిగాను.

"వచ్చింది" అన్నాడు. "పసుపు పూసే ముందు నన్ను అడగలేదని వచ్చింది. మళ్ల రాత్రి ఆలోచన చేసిన. కరెంటు ఎటుకెళ్లి వస్తదో నీకు చెప్పిన. దాన్ని ఏమేం ఆపుతయో పూరా చెప్పలే. సగం నేర్పితె గిట్లనే అయితది. ఇటు కూసో."

ఆ రోజు ఆయన రాగి ముక్క విప్పడం, స్ప్రింగు బిగువు చూడడం, నూనె ఎక్కడ వేయాలో ఎక్కడ అసలు తగలకూడదో చూపించాడు. తర్వాత మెయిన్ ఎత్తి, గేటు దగ్గర పనిచేసే వాళ్లను పిలిచి మూడు కార్లలో కూర్చోబెట్టి నడపమన్నాడు. నన్ను పెట్టె పక్కన నిలబెట్టి కళ్లు మూసుకోమన్నాడు.

"చప్పుడు విను. ఒకదానికి కరెంటు సరిగ అందుతలేదు. ఏది?"

మూడు చప్పుళ్లూ నాకు ఒకేలా వినిపించాయి. "ఆకుపచ్చది" అన్నాను.

"కాదు" అన్నాడు. "తొందర లేదు. మళ్ల విను."